ఆఫ్రికా ప్రయాణానికి మలేరియా మాత్ర: డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్‌లో ఏది ఎవరికి?

"అన్నా, ఎల్లుండి లాగోస్ ఫ్లైట్ ఉంది. మలేరియాకి ఏదన్నా గోలి ఉంటే ఇవ్వు."

మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఏడాదిలో చాలాసార్లు వినే మాట ఇది. బోర్లు వేసే పనికి వెళ్లేవాళ్లు, ఫార్మా కంపెనీల తరఫున తిరిగేవాళ్లు, ఇథియోపియా కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లే లెక్చరర్లు, కొడుకు దగ్గర మూడు నెలలు ఉండి వద్దామని బయల్దేరే అమ్మానాన్నలు, అందరూ ఇలాగే అడుగుతారు. మలేరియాకు ఒకే మాత్ర ఉంటుందని, అది కౌంటర్ మీద దొరుకుతుందని అనుకుంటారు. రెండూ నిజం కావు. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలు మూడు నాలుగు రకాలున్నాయి. వాటిలో ఏది రాయాలో మీ శరీరం, మీరు వెళ్లే చోటు, అక్కడ ఉండే రోజులు చూసి డాక్టరే నిర్ణయించాలి. ఆ డాక్టర్ దగ్గరికి ఏం తెలుసుకుని వెళ్లాలి, ఏం అడగాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా తమ్ముడు టాంజానియాలో విక్టోరియా సరస్సు ఒడ్డునున్న మ్వాంజాకు మూడు వారాల పని మీద వెళ్లాడు. డాక్టర్ డాక్సీసైక్లిన్ రాశారు. లెక్కపెట్టి ఇచ్చింది నేనే. వెళ్లే ముందు రెండు రోజులకు, అక్కడ ఉండే 21 రోజులకు సరిపడా ఇచ్చాను. తిరిగొచ్చాక వేసుకోవాల్సినవి "వచ్చాక ఇస్తాలే" అనుకున్నాను. వాడు వచ్చాడు, పండగ పనుల్లో పడ్డాడు, నేనూ మర్చిపోయాను. పదకొండో రోజు జ్వరం మొదలైంది. వైరల్ జ్వరమనుకుని పారాసెటమాల్ వేసుకున్నాడు. దగ్గర్లోని క్లినిక్‌లో కూడా అదే మాట చెప్పి పంపారు. మూడో రోజు రాత్రి మాట తడబడింది, మనిషిని గుర్తుపట్టలేదు. పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే ఫాల్సిపారం మలేరియా, మలేరియా రకాల్లో అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఐసీయూలో ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. ఆ 28 మాత్రలు నేను ముందే చేతిలో పెట్టి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదేమోనని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే మాత్రలను పోల్చేటప్పుడు నేను ధర గురించి తర్వాత మాట్లాడతాను. చివరి రోజు వరకూ మీరు మానకుండా వేసుకోగలిగేది ఏది అన్నదే ముందు ప్రశ్న.

తిరిగొచ్చాక ఒకదానికి 7 రోజులు, ఇంకోదానికి 28 రోజులు ఎందుకు?

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. అనాఫిలిస్ దోమ కుట్టగానే మలేరియా క్రిమి రక్తంలో పెరగడం మొదలుపెట్టదు. ముందు కాలేయంలోకి వెళ్లి దాక్కుంటుంది. అక్కడ కనీసం వారం రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు పెరిగి, వేల సంఖ్యలో రక్తంలోకి వస్తుంది. జ్వరం వచ్చేది అప్పుడే. అంటే మీరు విమానం ఎక్కే ముందు రాత్రి దోమ కుట్టినా, శంషాబాద్‌లో దిగేసరికి మీకు ఏమీ తెలియదు. క్రిమి మాత్రం మీతోపాటే వచ్చేసింది.

డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ప్రధానంగా రక్తంలోకి వచ్చిన క్రిమి మీద పనిచేస్తాయి. కాలేయంలోంచి అది బయటపడే వేళకు మందు రక్తంలో కాపలాగా ఉండాలి. అందుకే తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అలా కాదు, కాలేయంలో పెరుగుతున్న ఫాల్సిపారం క్రిమిని అక్కడే చంపుతుంది. అందుకే దానికి తిరిగొచ్చాక 7 రోజులు చాలు. ఇల్లు చేరగానే "ఇక్కడ ఆ దోమలు లేవుగా" అని మానేసేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. మానేసేది సరిగ్గా మందు అవసరమైన రోజుల్లోనే.

క్లోరోక్విన్ ఎందుకు కాదు?

"చిన్నప్పుడు మా ఊళ్లో క్లోరోక్విన్ వేసేవాళ్లు, అదే ఇవ్వండి" అని పెద్దవాళ్లు అడుగుతారు. మన దగ్గర వైవాక్స్ రకం మలేరియాకు చికిత్సగా అది ఇప్పటికీ మంచి మందే. కానీ ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. 1970ల చివర్లోనే తూర్పు ఆఫ్రికాలో అది క్లోరోక్విన్‌కు లొంగకుండా తయారైంది, తర్వాత ఆ లక్షణం ఖండమంతా పాకింది. హైతీ లాంటి కొద్ది చోట్ల తప్ప ముందుజాగ్రత్త మాత్రగా క్లోరోక్విన్‌ను నమ్ముకోకూడదు. నైజీరియాకో, కాంగోకో, ఉగాండాకో క్లోరోక్విన్ పట్టుకుని వెళ్తే ఏమీ లేకుండా వెళ్లినట్టే. పైగా మాత్ర వేసుకున్నామన్న ధైర్యంతో జ్వరాన్ని పట్టించుకోరు, అది ఇంకా ప్రమాదం.

డాక్సీసైక్లిన్: చవక, కానీ క్రమశిక్షణ కావాలి

రోజుకు 100 మి.గ్రా. మాత్ర ఒకటి. బయల్దేరడానికి 1-2 రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ వేసుకుని, వచ్చాక 28 రోజులు కొనసాగించాలి. దాదాపు ప్రతి మందుల షాపులో దొరుకుతుంది, ధర తక్కువ. మన దేశ జాతీయ మలేరియా కార్యక్రమం మార్గదర్శకాల్లో కూడా 6 వారాల లోపు ప్రయాణాలకు చెప్పేది దీన్నే. పురుగు కాటుతో వచ్చే కొన్ని టైఫస్ జ్వరాల నుంచి, ఎలుక జ్వరం నుంచి కూడా కొంత కాపాడుతుంది. పొలాల్లో, అడవుల్లో పని ఉన్నవాళ్లకు ఇది అదనపు లాభం.

దీంతో ముఖ్యంగా మూడు ఇబ్బందులు. ఒకటి, గొంతు నుంచి కడుపు దాకా ఉండే అన్నవాహికలో మాత్ర ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. రాత్రి పడుకునే ముందు ఒక్క గుక్క నీళ్లతో మింగి మంచమెక్కేవాళ్లకు ఇలా జరుగుతుంది. భోజనం తర్వాత, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట కూర్చునో నిలబడో ఉండాలి. రెండోది ఎండ. ఈ మందు వాడుతుంటే చర్మం మామూలు కంటే త్వరగా కమిలిపోతుంది. "మన రంగుకి ఏం కాదులే" అనుకోవద్దు, చామనచాయ వాళ్లకూ అవుతుంది. రోజంతా ఎండలో నిలబడే పనైతే డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి. నిండు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వాడాలి. మూడోది, కొందరు ఆడవాళ్లకు ఈ మందుతో జననాంగంలో ఫంగస్ ఇన్ఫెక్షన్, దురద వస్తాయి. సిగ్గుపడి మాత్ర మానేయకుండా డాక్టర్‌కు చెబితే దానికి మందు ఉంది.

ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, జెలూసిల్ లాంటి యాంటాసిడ్‌లు దీంతో కలిపి వేసుకోకూడదు. డాక్సీసైక్లిన్‌ను అవి కడుపులోనే పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. మధ్యలో రెండు మూడు గంటల తేడా ఉంచాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లలో ఈ మందు త్వరగా ఒంట్లోంచి పోతుంది, కాబట్టి ఆ సంగతి చెప్పాలి. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు దీన్ని ఇవ్వరు.

మెఫ్లోక్విన్: వారానికి ఒక్కటే, కానీ అందరికీ కాదు

వారానికి ఒకసారి 250 మి.గ్రా. మాత్ర. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లేవాళ్లకు ఈ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. 6 వారాలు దాటి ఉండేవాళ్లకు మన జాతీయ మార్గదర్శకాల్లో చెప్పేది కూడా ఇదే. గర్భిణి తప్పనిసరిగా ఆఫ్రికా వెళ్లాల్సి వస్తే డాక్టర్లు ఆలోచించేది ఎక్కువగా ఈ మందు గురించే. అయినా వీలుంటే ప్రయాణం వాయిదా వేసుకోమనే చెబుతారు, అదే మంచి సలహా. కడుపుతో ఉన్నప్పుడు మలేరియా తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణాంతకం కావచ్చు.

దీని చిక్కు మనసుతో, నరాలతో ఉంది. భయంకరమైన కలలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే టెన్షన్, దిగులు, తల తిరగడం, చెవుల్లో హోరు కొందరిలో వస్తాయి. తల తిరగడం లాంటివి అరుదుగా మందు ఆపాక కూడా నెలల తరబడి, కొందరిలో శాశ్వతంగా ఉండిపోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఈ మందు మీద తన అత్యంత తీవ్రమైన బాక్స్ హెచ్చరిక పెట్టింది. డిప్రెషన్, ఆందోళన, మరేదైనా మానసిక జబ్బు ఇప్పుడున్నా, గతంలో వచ్చి తగ్గినా దీన్ని వేసుకోకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు పనికిరాదు. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు కూడా దీన్ని రాయరు. భారీ యంత్రాలు, లారీలు నడిపేవాళ్లు, పైలట్లు డాక్టర్‌తో వేరే మందు గురించి మాట్లాడడం మేలు.

ఇక్కడ మన వాళ్ల అలవాటు గురించి ఒక మాట. డిప్రెషన్‌కు ఎప్పుడో మందులు వాడిన సంగతి పెళ్లి సంబంధాల దగ్గర దాస్తారు, ఉద్యోగం దగ్గర దాస్తారు. ఈ ఒక్క చోట మాత్రం దాచకండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను బయటికి పంపించి అయినా డాక్టర్‌కు చెప్పండి.

ఈ మందుతో వచ్చే ఇబ్బందులు ఎక్కువగా మొదటి మూడు డోసుల్లోనే బయటపడతాయి. అందుకే కనీసం 2 వారాల ముందు, వీలైతే 3 వారాల ముందు మొదలుపెడితే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది, పడకపోతే వేరే మందుకు మారడానికి టైమ్ ఉంటుంది. వాడుతుండగా మనసు అదోలా మారిందని మీకో, మీ పక్కన ఉన్నవాళ్లకో అనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే డాక్టర్‌ని కలవండి. దీనికీ తిరిగొచ్చాక 4 వారాలు తప్పదు. ఎల్లుండి ఫ్లైట్ పెట్టుకున్నవాళ్లకు ఇది పనికిరాదు.

అటోవాక్వోన్-ప్రోగ్వానిల్: సుఖంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ

విదేశాల్లో మలరోన్ పేరుతో ప్రసిద్ధం. పెద్దవాళ్ల మాత్రలో అటోవాక్వోన్ 250 మి.గ్రా., ప్రోగ్వానిల్ 100 మి.గ్రా. ఉంటాయి. రోజుకు ఒకటి, 1-2 రోజుల ముందు మొదలు, వచ్చాక 7 రోజులు. మూడింటిలో సాధారణంగా ఇబ్బందులు తక్కువ ఉండేది ఇదే. కడుపునొప్పి, వికారం, తలనొప్పి కొందరికి వస్తాయి. తక్కువ రోజుల ప్రయాణానికి, తిరిగొచ్చాక మాత్రలు మర్చిపోయే స్వభావం ఉన్నవాళ్లకు, డబ్బు భరించగలిగితే నేను డాక్టర్‌ను అడగమని చెప్పేది దీని గురించే. మా తమ్ముడి విషయంలో నాకు తెలిసొచ్చింది అదే.

ఖాళీ కడుపుతో వేసుకుంటే ఈ మందు సరిగా ఒంటికి పట్టదు. కొవ్వు ఉన్న తిండితోనో, పాలతోనో వేసుకోవాలి. నూనె లేని ఇడ్లీ తిని వేసుకునే బదులు ఒక గ్లాసు చిక్కటి పాలతో వేసుకోవడం నయం. ప్రతిరోజూ ఒకే సమయానికి వేసుకోవాలి. వేసుకున్న గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, బాగా చిన్న పసిబిడ్డకు పాలిస్తున్న తల్లులకు ఇవ్వరు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఇది పనిచేయదు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి.

ఒక చిక్కుంది. మన ఊళ్లలో ప్రతి షాపులో ఇది ఉండదు. నగరంలో కూడా ముందే ఆర్డర్ పెట్టాల్సి రావచ్చు. టికెట్ బుక్ అయిన వారంలోనే డాక్టర్‌ని కలవమనేది ఇందుకే.

లెక్క వేసి చూద్దాం

20 రోజుల ప్రయాణం అనుకోండి. డాక్సీసైక్లిన్ అయితే ముందు 2, అక్కడ 20, వచ్చాక 28, మొత్తం 50 మాత్రలు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 2, 20, 7 కలిపి 29. మెఫ్లోక్విన్ అయితే వారానికొకటి చొప్పున తొమ్మిదో పదో. మాత్ర ఖరీదును మాత్ర ఖరీదుతో కాకుండా ఈ మొత్తం లెక్కతో పోల్చండి. అయినా డాక్సీసైక్లిన్ చవకే, కానీ ఎంత తేడానో అప్పుడు సరిగ్గా తెలుస్తుంది. ఏడాది, రెండేళ్లు ఉండేవాళ్లకు అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఖర్చు మోయడం కష్టం, వాళ్లు డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్‌ల మధ్యే ఎంచుకోవాల్సి వస్తుంది.

అక్కడ చాలాకాలం ఉన్నవాళ్లు "అలవాటైపోతుంది, మాకేం కాదు" అంటారు. అక్కడి పెద్దవాళ్లకు ఉండే కొద్దిపాటి రక్షణ చిన్నప్పటి నుంచి మళ్లీ మళ్లీ మలేరియా వచ్చి, దాన్ని తట్టుకుని బతికితే వచ్చింది. మనకు అది లేదు. పాడేరు ఏజెన్సీలో పుట్టి చిన్నప్పుడు పదిసార్లు చలిజ్వరం వచ్చినవాళ్లకు కూడా ఏళ్లపాటు దూరంగా ఉంటే అది మిగలదు.

ఇంకొందరు నెలకోసారి మూడు రోజుల కోర్సు వేసుకుంటామంటారు. అది ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్, మలేరియా వచ్చాక ఇచ్చే చికిత్స. రెండున్నర రోజుల్లో 6 డోసులు, కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకోవాలి. వచ్చిన జబ్బుకు అది చాలా మంచి మందు. దాన్ని ముందుజాగ్రత్తగా నెలకోసారి వేసుకుంటే నెలంతా రక్షణ ఉండదు. మలేరియా వస్తే చికిత్సకు వాడే మందు కూడా అప్పటిదాకా ముందుజాగ్రత్తగా వాడుతున్నది కాకుండా వేరేది అయి ఉండాలి. మీరు ఏ మాత్రల మీద ఉన్నారో అక్కడి డాక్టర్‌కు చెప్పండి.

ఎక్కడికి వెళ్తున్నారో ఊరి పేరుతో చెప్పండి

"ఆఫ్రికా" అంటే డాక్టర్‌కు సరిపోదు. ఇథియోపియాలో అడిస్ అబాబా రెండువేల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది, ఆ నగరంలో మలేరియా లేదు. అదే దేశంలో పల్లపు ప్రాంతాల కాలేజీలో ఉద్యోగమైతే మాత్రలు కావాలి. నైరోబీలో ప్రమాదం తక్కువ, కెన్యా తీరంలోని మొంబాసాలో, విక్టోరియా సరస్సు వైపు ఎక్కువ. ఒక్క రాత్రి పల్లపు ప్రాంతంలో బస ఉన్నా చెప్పండి.

ఇథియోపియా గురించి ఇంకొక విషయం. అక్కడ ఫాల్సిపారంతో పాటు వైవాక్స్ కూడా బాగానే ఉంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుంది. పైన చెప్పిన మూడు మందుల్లో ఏదీ ఆ నిద్రపోయే రూపాన్ని చంపదు. దానికి ప్రైమాక్విన్ గానీ, 2018లో అమెరికాలో ఆమోదం పొందిన టఫెనోక్విన్ గానీ కావాలి. ఆ రెండూ ఇచ్చే ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేయించాలి. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఈ మందులతో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు, నల్లటి మూత్రం, తీవ్రమైన రక్తహీనత వస్తాయి. గర్భిణులకు ఇవి ఇవ్వరు. మన దగ్గర వైవాక్స్ వచ్చినవాళ్లకు 14 రోజుల ప్రైమాక్విన్ రాస్తారు. మూడో రోజుకు జ్వరం తగ్గగానే మానేసి, మూడు నెలలకు మళ్లీ చలిజ్వరంతో వచ్చినవాళ్లను చూశాను.

అరకు రెండు రోజుల టూరుకు మాత్రలు అడిగేవాళ్లకు నేను చెప్పేది వేరు. దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు, వచ్చాక జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష. చాలామందికి అది చాలు, గర్భిణులైతే ముందే డాక్టర్‌ని అడగాలి.

టీకాలు, ఆకు పసర్లు, నకిలీ మందులు

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, పసుపు కార్డు చేతికి రాగానే మలేరియాకూ రక్షణ వచ్చేసిందనుకునేవాళ్లు ఉన్నారు. అది వేరే జబ్బు, వేరే దోమ. ఆ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. దాని కోసం వెళ్లే రోజే మలేరియా మాత్రల సంగతీ డాక్టర్‌తో మాట్లాడుకుంటే పని ఒకేసారి అయిపోతుంది.

వేపాకు, బొప్పాయి ఆకు పసరు, హోమియో మాత్రలు మలేరియాను ఆపవు. ఆర్టిమీసియా ఆకుల టీని నివారణకు గానీ చికిత్సకు గానీ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆర్టిమిసినిన్ మందు వచ్చింది ఆ మొక్క నుంచే అయినా, టీలో మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

మాత్రలన్నీ ఇక్కడే కొనుక్కుని, బిల్లుతో, అసలు స్ట్రిప్పులతో, డాక్టర్ చీటీతో తీసుకెళ్లండి. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో ప్రతి పది మందుల్లో ఒకటి నాసిరకమో నకిలీయో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. చేతి సంచిలో పెట్టుకోండి, చెక్‌ఇన్ బ్యాగ్ తప్పిపోతే మాత్రలూ పోతాయి. మాత్ర వేసుకున్నా దోమతెర కట్టుకోవాల్సిందే. అనాఫిలిస్ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా. ఏ మాత్రా నూటికి నూరు శాతం ఆపదు.

జ్వరం వస్తే

అక్కడికి చేరిన వారం తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, తిరిగొచ్చాక మూడు నెలల్లో వచ్చినా మలేరియా కాదని తేలేవరకు మలేరియాగానే చూడాలి. ఏడాది లోపు ఎప్పుడు వచ్చినా ప్రయాణం సంగతి చెప్పాలి. పారాసెటమాల్ వేసుకుని రెండు రోజులు చూద్దామనుకోకండి, ఫాల్సిపారం ఆ రెండు రోజుల్లోనే మెదడుకు, కిడ్నీలకు చేరగలదు. అదే రోజు వెళ్లి, డాక్టర్ అడగకముందే మీరే చెప్పండి: "నేను ఫలానా దేశం నుంచి ఫలానా తేదీన వచ్చాను, ఫలానా మాత్ర వేసుకున్నాను, మలేరియా పరీక్ష చేయండి." మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ చేయించాలి, ఇలా మూడుసార్లు.

ఇప్పుడు మా షాపులో మలేరియా మాత్రలు ఇచ్చేటప్పుడు వచ్చాక వేసుకోవాల్సినవి విడిగా ఒక కవర్లో పెట్టి, దాని మీద చివరి మాత్ర తేదీ రాసి ఇస్తాను. మా తమ్ముడు పోయినసారి మళ్లీ మ్వాంజా వెళ్లినప్పుడు డాక్టర్ అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాశారు. 7 మాత్రల కవరు మా మరదలి చేతికి ఇచ్చాను. వాడు దిగిన రాత్రి నుంచి రోజూ పాల గ్లాసుతో పాటు ఒక్కోటి తెచ్చి ఇచ్చింది. ఏడో రోజు ఖాళీ కవరు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపింది.